ముందు కాగితాలు, తర్వాత కొండ: కొలంబియా, బొగోటా ప్రయాణం - నా అనుభవం

కొలంబియా వెళ్లేవాళ్లలో చాలామంది కార్తహేనా సముద్రతీరానికో మెడెయిన్‌కో టికెట్ కొనుక్కుని, రాజధాని బొగోటాను విమానం మారే ఊరిగా లెక్కేస్తారు. ఒక రాత్రి పడుకుని వెళ్లిపోతారు. నా మాట వినేవాళ్లకు మాత్రం బొగోటాలో కనీసం నాలుగు పూర్తి రోజులు ఉండమనే చెబుతాను. ఆ దేశం తిండి, బంగారం, చరిత్ర ఒక్కచోట దొరికేది అక్కడే. అయితే ఈ ఊరికి ఒక వరస ఉంది. దిగిన రోజే కొండెక్కితే తల పగిలిపోతుంది, సోమవారం దిగితే మ్యూజియం తలుపులు మూసి ఉంటాయి, వీసా గడువు పది రోజులు తక్కువైతే అసలు విమానమే ఎక్కనివ్వరు.

దేశం గురించి ముందు ఒక మాట. పసిఫిక్ మహాసముద్రం, కరీబియన్ సముద్రం రెండింటికీ తీరమున్న దేశం దక్షిణ అమెరికాలో కొలంబియా ఒక్కటే. ఆండీస్ పర్వతాలు ఇక్కడికొచ్చేసరికి మూడు పాయలుగా విడిపోతాయి. అందుకే మ్యాపు మీద దగ్గరగా కనిపించే ఊళ్ల మధ్య కూడా రోడ్డు ప్రయాణం తెగదు. బొగోటా నుంచి మెడెయిన్ 400 కిలోమీటర్ల పైచిలుకే, కానీ బస్సులో తొమ్మిది పది గంటలు పడుతుంది. విమానంలో గంట లోపే. దేశమంతా స్పానిషే. పెద్ద హోటళ్లలో తప్ప ఇంగ్లిష్ పనికొస్తుందని అనుకోవద్దు. ఫోన్‌లో అనువాదం యాప్‌ను ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేలా ముందే దించి పెట్టుకోండి.

భారత పాస్‌పోర్టుకు కొలంబియా వీసా కావాలి. కానీ అమెరికా వీసాగానీ షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) గానీ ఉండి, కొలంబియాలో దిగే రోజుకు దానికి ఇంకా కనీసం 180 రోజుల గడువు మిగిలి ఉంటే వేరే వీసా అక్కర్లేదు. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ ఈ సౌకర్యం ఉంది. పిల్లల దగ్గరికని పదేళ్ల విజిటర్ వీసా తీసుకున్న మన తల్లిదండ్రులకు ఇది బాగా కలిసొస్తుంది. ఆరు నెలలని ఉజ్జాయింపుగా చూసుకోకుండా, క్యాలెండర్ ముందు పెట్టుకుని 180 రోజులూ లెక్కపెట్టండి. దిగే తేదీ నుంచే లెక్క, బయల్దేరే తేదీ నుంచి కాదు.

అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న తెలుగువాళ్లకు ఇక్కడ ఒక మెలిక ఉంది. ఐ-797 ఆమోదపత్రం ఉంటే అమెరికాలో ఉద్యోగం చేసుకోవచ్చు గానీ అది వీసా కాదు. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయి ఉంటే కొలంబియా వీసా మినహాయింపు రాదు. దానికన్నా పెద్ద చిక్కు తిరుగు ప్రయాణంలో వస్తుంది. గడువు తీరిన వీసాతోనే కెనడాకో మెక్సికోకో వెళ్లి ముప్పై రోజుల్లోపు తిరిగొచ్చే వెసులుబాటు ఒకటి ఉంది కదా, అది దక్షిణ అమెరికాకు వర్తించదు. బొగోటాలో విమానం దగ్గరే ఆపేస్తారు. స్టాంపింగ్ అయ్యాకే టికెట్ కొనండి.

మినహాయింపు వర్తించనివాళ్లు కొలంబియా విదేశాంగ శాఖ సైట్‌లో ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవాలి. పాస్‌పోర్టు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటో, బ్యాంకు స్టేట్‌మెంట్లు, రానుపోను టికెట్లు, బస వివరాలు పీడీఎఫ్‌లుగా ఎక్కించాలి. ఫీజు రెండు భాగాలు. పరిశీలన రుసుము ముందే కట్టాలి, వీసా రాకపోయినా అది తిరిగి రాదు. మంజూరయ్యాక రెండోది కట్టాలి. వీసా ఎలక్ట్రానిక్ రూపంలోనే వస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ప్రయాణానికి ముందు హఠాత్తుగా పెద్ద మొత్తం వచ్చి పడినట్టు కనిపిస్తే ప్రశ్నలు వస్తాయి, మామూలు రాబడి కనిపించేలా చూసుకోండి.

భారత్ నుంచి బొగోటాకు నేరుగా విమానం లేదు. యూరప్ మీదుగానో ఇస్తాంబుల్ మీదుగానో అమెరికా మీదుగానో వెళ్లాలి. అమెరికా మీదుగా వెళ్తే ఒక గంట ఆగినా సరే అక్కడి ఇమిగ్రేషన్ దాటాల్సిందే, కాబట్టి అమెరికా వీసా లేకుండా కుదరదు. టికెట్ చౌకగా ఉందని దుబాయ్ నుంచి బొగోటా వెళ్లే ఎమిరేట్స్ విమానం తీసుకునేవాళ్లు ఇది గమనించాలి. అది మయామీలో ఆగి వెళ్తుంది.

ఎల్లో ఫీవర్ టీకాను చాలామంది పట్టించుకోరు. బొగోటా ఉన్న ఎత్తులో ఆ జ్వరాన్ని మోసే దోమలు బతకవు. అయినా భారత ప్రభుత్వం మాత్రం కొలంబియాను ఆ వ్యాధి ఉన్న దేశాల జాబితాలోనే పెట్టింది. అక్కడి నుంచి ఆరు రోజుల్లోపు భారత్‌లో దిగేవాళ్ల దగ్గర టీకా పత్రం లేకపోతే క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేసిన పదో రోజు నుంచే పత్రం చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. రోజూ వేయరు, ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుని, ప్రయాణానికి నెల ముందే పని ముగించుకోండి. పైగా 2025లో కొలంబియాలో ఈ జ్వరం పెరిగి ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అమెజాన్ అడవులవైపో కొన్ని జాతీయ ఉద్యానవనాలవైపో వెళ్లాలనుకుంటే అక్కడ కూడా పత్రం అడుగుతారు. పెద్ద వయసువాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే ఈ టీకా వేయించుకోవాలి.

చివరి కాగితం చెక్-మిగ్. ఇది కొలంబియా ఇమిగ్రేషన్ ఆన్‌లైన్ ఫారం. విమానానికి 72 గంటల ముందు నుంచి ఒక గంట ముందు వరకు నింపొచ్చు. ఒక్క పైసా కట్టక్కర్లేదు. గూగుల్‌లో వెతికితే పైన కనిపించేవాటిలో డబ్బు అడిగే సైట్లు ఉంటాయి. డాలర్లు అడిగితే అది ప్రభుత్వ సైట్ కాదని అర్థం. కన్ఫర్మేషన్‌ను ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. చెకిన్ కౌంటర్‌లో దాన్నీ, తిరుగు టికెట్‌నూ చూపమంటారు. దిగాక సాధారణంగా 90 రోజుల వరకు అనుమతి వేస్తారు. పాస్‌పోర్టులో ఆ ముద్ర స్పష్టంగా పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. హోటల్లో దాంతో పనుంది. కొలంబియాలో నివాసం లేని విదేశీ పర్యాటకులకు హోటల్ గది మీద 19 శాతం పన్ను మినహాయింపు ఉంటుంది. పాస్‌పోర్టూ ముద్రా చూపితేనే తీసేస్తారు. మీరు అడగకపోతే వాళ్లు మరిచిపోవచ్చు.

ఇక డబ్బు. అక్కడి డబ్బు పెసో. డాలరుకు వేల పెసోలు వస్తాయి, రేటు మారుతుంటుంది. కొత్త నోట్ల మీద సున్నాలు ఉండవు, 50 మిల్ అని ఉంటుంది, అంటే యాభై వేలు. ధరల్లో మనం కామా పెట్టే చోట వాళ్లు చుక్క పెడతారు. మెనూలో 32.000 అని ఉంటే ముప్పై రెండు వేలు, ముప్పై రెండు కాదు. మాటల్లో చాలాసార్లు వేలు మింగేసి ముప్పై రెండనే అంటారు. కార్డు ఇస్తే కౌంటర్‌లోని మనిషి 'కువాంతాస్ కువోతాస్' అని అడుగుతాడు. ఎన్ని వాయిదాలు అని. 'ఉనా' అని చెప్పండి, ఒకేసారి కట్టినట్టు. ఏటీఎమ్ తన సొంత మారకపు రేటు చూపి ఒప్పుకుంటారా అంటే వద్దని నొక్కండి. మీ బ్యాంకు రేటే దాదాపు ఎప్పుడూ మెరుగు. రెస్టారెంట్ బిల్లులో 10 శాతం టిప్పు కలపమంటారా అని అడుగుతారు. అది స్వచ్ఛందమే గానీ, కలపమనడమే అక్కడి మర్యాద.

ఎత్తు విషయం తేలిగ్గా తీసుకోకండి. బొగోటా సముద్రమట్టానికి 2,600 మీటర్ల పైన ఉంది. నీలగిరుల్లో ఊటీ పక్కన దొడ్డబెట్ట శిఖరం ఎత్తు 2,637 మీటర్లు. ఆ శిఖరం ఎత్తులో డెబ్బై ఎనభై లక్షల మంది బతికే నగరం పరుచుకుని ఉందన్నమాట. దిగిన రోజు మెట్లెక్కితే ఆయాసం, రాత్రి నిద్ర సరిగా పట్టకపోవడం, కొద్దిగా తలనొప్పి మామూలే. మొదటి రోజు మద్యం ముట్టకుండా, నీళ్లు బాగా తాగుతూ, రాత్రి తిండి తేలిగ్గా తింటే రెండో రోజుకు చాలామందికి సర్దుకుంటుంది. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లు ముందే డాక్టర్‌ని అడగాలి. కుళాయి నీళ్లు బొగోటాలో తాగొచ్చు, సీసాలు కొనే పని లేదు.

భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి అక్కడ ఎండాకాలం, చలికాలం అని విడిగా ఉండవు. ఏడాది పొడుగునా పగలు 19 డిగ్రీల దగ్గర, తెల్లవారుజామున ఏడెనిమిది. వానలు ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్ నెలల్లో ఎక్కువ. ఉదయం ఎండ కాచినా మధ్యాహ్నం వాన దంచడం మామూలు. గదుల్లో హీటర్లు చాలాచోట్ల ఉండవు, కాబట్టి ఒక స్వెట్టరు, వాన కోటు, రాత్రికి మందపాటి సాక్సులు పెట్టుకోండి. చల్లగా ఉందని ఎండను నమ్మొద్దు. ఆ ఎత్తులో గంటలో చర్మం కమిలిపోతుంది. కరెంటు 110 వోల్టులు, ప్లగ్ అమెరికా రకం. ఇంటి నుంచి తీసుకెళ్లే 220 వోల్టుల కుక్కర్, కెటిల్ అక్కడ సరిగా వేడెక్కవు. ఇంకో సంగతి, ఆ ఎత్తులో నీళ్లు 91 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు మెత్తబడడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. అపార్ట్‌మెంట్ తీసుకుని వండుకునేవాళ్లు ప్రెషర్ కుక్కర్ ఉందో లేదో బుక్ చేసేముందే అడగండి.

ఊళ్లో దారి తెలియాలంటే చిరునామా చదవడం రావాలి. ఇది ఒక్కసారి పట్టుబడితే తప్పిపోవడం కష్టం. కొండలు ఎప్పుడూ తూర్పున ఉంటాయి. కరేరాలు అనే వీధులు ఆ కొండలకు సమాంతరంగా ఉత్తర దక్షిణాలుగా పోతాయి, కొండల నుంచి పడమరకు పోయేకొద్దీ వాటి సంఖ్య పెరుగుతుంది. కాయేలు అనే వీధులు వాటికి అడ్డంగా పోతాయి, ఉత్తరానికి పోయేకొద్దీ పెరుగుతాయి. బంగారు మ్యూజియం చిరునామా కరేరా 6, నెంబరు 15-88. అంటే ఆరో కరేరా మీద, పదిహేనో కాయే మూల నుంచి సుమారు 88 మీటర్లు అని. పాత ఊరు కాయే 10 చుట్టుపక్కల, చాపినేరో అనే పేట 45 నుంచి 67 దాకా, ఉసాకెన్ పేట 116 దాటాక. ప్రమాదమల్లా 'సుర్' అనే చిన్న మాటతో. కాయే 10 వేరు, కాయే 10 సుర్ వేరు. రెండోది ఊరికి దక్షిణాన ఎక్కడో ఉంటుంది. యాప్‌లో చిరునామా కొట్టేటప్పుడు ఇది చూసుకోకపోతే కారు తీసుకెళ్లి వేరే పేటలో దింపుతుంది.

బస మొదటిసారి వెళ్లేవాళ్లకు చాపినేరో ఉత్తర భాగంలోనో, పార్కె 93 అనే పార్కు చుట్టుపక్కలో బాగుంటుంది. పాత ఊరు లా కాందెలారియా పగలు ఎంత అందంగా ఉంటుందో, చీకటి పడ్డాక అంత నిర్మానుష్యం. సాయంత్రం ఆరింటికే చీకటి పడుతుంది, ఏడాదంతా అంతే.

భద్రత గురించి భయపెట్టడం నాకిష్టం లేదు, కానీ కొన్ని నియమాలు తప్పవు. రోడ్డు మీద ఫోన్ చేతిలో పట్టుకుని నడవకండి. మ్యాపు చూడాలంటే దుకాణంలోకి వెళ్లండి. వీధిలో చెయ్యెత్తి టాక్సీ ఆపకండి, యాప్‌లో పిలిచి నెంబర్ ప్లేట్ సరిచూసుకుని ఎక్కండి. వీధి టాక్సీలో ఎక్కించుకుని, దారిలో ఇంకొకర్ని ఎక్కించుకుని, ఏటీఎమ్‌ల చుట్టూ తిప్పి డబ్బు లాగే నేరం అక్కడ పాతదే. ఊబర్ చట్టపరంగా అటూ ఇటూ కాని స్థితిలో ఉంది, అందుకే డ్రైవర్ ముందు సీట్లో కూర్చోమంటాడు. కంగారు పడకండి. డబ్బు మాల్స్ లోపలి ఏటీఎమ్‌లోనే తీయండి. కొత్తవాళ్లు ఇచ్చిన పానీయం, సిగరెట్టు, మిఠాయి ఏదీ తీసుకోవద్దు. స్కోపొలమైన్ అనే మత్తు కలిపి, మనిషికి స్పృహ ఉండగానే ఇష్టం లేకుండా ఆడించే దొంగతనాలు ఉన్నాయి. అత్యవసర నెంబరు 123.

బొగోటాలో ఇంకా మెట్రో లేదు, మొదటి లైను కడుతున్నారు. 2000 డిసెంబరులో మొదలైన ట్రాన్స్‌మిలేనియో బస్సులే ఊరికి వెన్నెముక. ప్రత్యేక లేన్‌లలో, ఎత్తైన స్టేషన్ల నుంచి నడుస్తాయి. తుయావే అనే కార్డు కొని డబ్బు వేసుకోవాలి. బస్సు పేరులో ముందున్న అక్షరం గమ్యం ఉన్న ప్రాంతాన్ని చెబుతుంది. బి అంటే ఉత్తరం, జె అంటే బంగారు మ్యూజియం వైపు. అందుకే ఒకే బస్సుకు పోయేటప్పుడు ఒక అక్షరం, వచ్చేటప్పుడు ఇంకో అక్షరం ఉంటుంది. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర మధ్య మాత్రం ఎక్కకండి. ఒరుసుకునే జనంలో జేబులు ఖాళీ అవుతాయి.

ఇప్పుడు రోజుల వరస. సోమవారం బంగారు మ్యూజియం, నేషనల్ మ్యూజియం మూత. మంగళవారం బొతేరో మ్యూజియం మూత, మొన్సెరాతే కొండ కాలిబాట కూడా మూత. కొలంబియాలో చాలా పండుగ సెలవులను సోమవారానికి జరుపుతారు, ఆ వారాంతం ఊరు విడిచి వెళ్లే దారులన్నీ నిండిపోతాయి. కాబట్టి బుధవారం దిగి సోమవారం బయల్దేరేలా టికెట్ తీసుకుంటే అన్నీ కుదురుతాయి. బుధవారం విశ్రాంతి, గురువారం పాత ఊరూ మ్యూజియాలూ, శుక్రవారం కొండ, శనివారం ఊరి బయట, ఆదివారం సిక్లోవియా. ఆదివారాలు ఉదయం ఏడు నుంచి రెండు దాకా 120 కిలోమీటర్ల పైగా రోడ్లు కార్లకు మూసి, సైకిళ్లకూ నడిచేవాళ్లకూ వదిలేస్తారు. 1974 నుంచీ నడుస్తున్న ఆనవాయితీ. ఏడో కరేరా మీద ఉత్తరం నుంచి పాత ఊరి దాకా నడిచిపోవచ్చు. బొగోటా జనాన్ని చూడాలంటే ఇంతకన్నా మంచి పూట లేదు.

బంగారు మ్యూజియాన్ని 1939 నుంచి ఆ దేశపు కేంద్ర బ్యాంకే నడుపుతోంది. ఆదివారం ఉచితం, కానీ ఆ రద్దీలో చిన్న వస్తువులు చూడలేం. టికెట్ కొని మామూలు రోజు ఉదయమే వెళ్లండి, మూడు గంటలు ఉంచుకోండి. ముందు లోహపు పని చూపించే అంతస్తు చూడండి. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగి పోయిన ఖాళీలో లోహం పోస్తారు. మన ఆదిలాబాద్ డోక్రా పనివాళ్లదీ ఇదే పద్ధతి, కాబట్టి ఆ బొమ్మలు చూసినవాళ్లకు ఇక్కడ చప్పున అర్థమవుతుంది. ఆ పనితనానికి పరాకాష్ఠ, అక్కడి ఆదివాసులైన ముయిస్కాల తెప్ప. జానెడు పొడవు కూడా లేని బంగారు తెప్ప, మధ్యలో పెద్దగా కూర్చున్న నాయకుడు, చుట్టూ చిన్న చిన్న మనుషులు. 1969లో పాస్కా అనే ఊరి దగ్గర గుహలో దొరికింది. కొత్త నాయకుడు ఒంటికి బంగారు పొడి పూసుకుని గ్వాతవీతా సరస్సు మధ్యకు తెప్ప మీద వెళ్లి కానుకలు నీళ్లలో వదిలేవాడట. ఎల్ దొరాదో అనే బంగారు రాజ్యం కథకు మూలం అదే. తెప్పను ముందు నుంచి మాత్రమే చూసి వెళ్లిపోతారు చాలామంది. పక్క నుంచి వంగి చూస్తే మనుషుల చేతుల్లో పట్టుకున్నవి కనిపిస్తాయి.

అక్కడి నుంచి నడిచిపోయే దూరంలో బొలీవార్ చౌకు, బొతేరో మ్యూజియం. కొలంబియా చిత్రకారుడు, శిల్పి బొతేరో తన సొంత చిత్రాలూ శిల్పాలూ 123, తాను సేకరించిన ఇతర చిత్రకారుల పనులు 85 దేశానికి ఇచ్చేశాడు. ప్రవేశం ఉచితం.

మొన్సెరాతే కొండ 3,152 మీటర్లు. పైకి రోప్‌వే, పట్టాల మీద నడిచే ఫునిక్యులార్, కాలిబాట మూడూ ఉన్నాయి. ఎత్తుకు అలవాటు పడకముందు నడిచి ఎక్కొద్దు, ఎక్కినా పొద్దున్నే జనంతో పాటే ఎక్కండి. ఆదివారం పైనున్న చర్చికి వచ్చే భక్తులతో పొడవాటి క్యూలు. మధ్యాహ్నానికి మబ్బులు కమ్మేస్తాయి, అందుకే ఉదయం వెళ్లాలి.

తిండి దగ్గర శాకాహారులు ఒక్క మాట నేర్చుకోవాలి: 'సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ హమోన్'. మాంసం వద్దంటే కోడి పెట్టేస్తారు, కోడి వద్దంటే హామ్ వేస్తారు, అందుకే మూడూ చెప్పాలి. రాజ్మా లాంటి ఎర్ర చిక్కుళ్లను తరచూ పందిమాంసంతో ఉడికిస్తారు, సూప్‌లు మాంసపు రసంతోనే మొదలవుతాయి. మధ్యాహ్నం చిన్న హోటళ్లలో దొరికే రోజువారీ భోజనంలో అన్నం, పప్పుధాన్యాల కూర, వేయించిన అరటి, పళ్లరసం ఉంటాయి. మాంసం బదులు గుడ్డు అడిగితే ఇస్తారు. అరటికాయ ముక్కల్ని ఒకసారి వేయించి, అణిచి, మళ్లీ వేయించే పతకోన్, కర్రపెండలం వేపుడు, చీజ్ పెట్టిన మొక్కజొన్న రొట్టె అరేపా మనకు వెంటనే నచ్చుతాయి. కారం ఉండదు. అడిగితే ఆహీ అనే పచ్చి పచ్చడి విడిగా తెస్తారు.

మాంసాహారులు మాత్రం అహియాకో తినకుండా రావొద్దు. కోడి సూప్‌లో మూడు రకాల బంగాళాదుంపలు వేస్తారు. వాటిలో క్రియోయా అనే చిన్న పసుపు దుంప పూర్తిగా కరిగిపోయి చిక్కదనం ఇస్తుంది, మిగతావి ముక్కలుగా నిలుస్తాయి. గ్వాస్కాస్ అనే ఆకు లేకపోతే అది అహియాకో కాదు. మీగడ, కేపర్లు (ఊరబెట్టిన పుల్లటి చిన్న మొగ్గలు) విడిగా వస్తాయి, కొంచెం కొంచెం కలుపుకుంటూ పోవాలి. పాత ఊళ్లో 1816 నుంచీ ఉన్న లా పుఎర్తా ఫాల్సా చిన్న గదిలాంటి హోటల్. అక్కడ వేడి చాక్లెట్‌లో చీజ్ ముక్కలు వేసుకుని, మెత్తబడ్డాక చెంచాతో తీసుకు తింటారు. వాళ్ల పనేలా మన బెల్లమే. ప్రపంచంలో బెల్లం ఎక్కువగా చేసే దేశాల్లో భారత్ తర్వాత కొలంబియానే. చలిపూట నిమ్మరసం పిండిన వేడి బెల్లం నీళ్లు తాగితే ఎత్తు వల్ల వచ్చిన నలత కూడా తగ్గినట్టుంటుంది. పలోకెమావో మార్కెట్‌కు పొద్దున్నే వెళ్తే లక్ష్మణఫలం, పుల్లటి లులో, చెంచాతో తినే గ్రానదియా లాంటి పళ్లు రుచి చూపిస్తారు.

శనివారానికి సిపాకిరా. ఉత్తరాన 50 కిలోమీటర్ల దూరంలో ఉప్పు గని లోపల, 180 మీటర్ల లోతున చెక్కిన చర్చి. ఇప్పుడున్నది 1995లో తెరిచారు. ట్రాన్స్‌మిలేనియో ఉత్తరపు చివరి స్టేషన్ (పోర్టల్) నుంచి బస్సులు దొరుకుతాయి. నేలంతా వాలుగా ఉంటుంది, పట్టున్న బూట్లు కావాలి. గ్వాతవీతా సరస్సూ చూడాలంటే కారు మాట్లాడుకోవాలి, ఒకే రోజులో రెండూ హడావిడే. ఒకటే ఎంచుకోవాలంటే, బంగారు తెప్ప చూసినవాళ్లను నేను సరస్సుకే పొమ్మంటాను. నీళ్లు తోడేసి బంగారం తీయాలని 1580లలో స్పెయిన్ వాళ్లు గట్టును కోసిన గండి ఇప్పటికీ కనిపిస్తుంది. సోమవారం అదీ మూతే.

కార్తహేనాకో మెడెయిన్‌కో పోయేటప్పుడు చౌక విమాన టికెట్లలో చేతి సంచీ కొలత, చెకిన్ నియమాలు టికెట్ కొన్నప్పుడే చదవండి, విమానాశ్రయంలో కడితే టికెట్ అంత అవుతుంది. దేశం విడిచేటప్పుడు చెక్-మిగ్ మళ్లీ నింపాలి. ఇంటికి కాఫీ తెచ్చుకోవాలంటే వేయించిన తేదీ వేసిన గింజల ప్యాకెట్లు కొనండి, ఎత్తు, తోట పేరు రాసి ఉన్నవి మేలు. మార్కెట్లలో కోకా ఆకు (కొకైన్ తీసేది దీన్నుంచే) టీ ప్యాకెట్లు, బిస్కెట్లు బహిరంగంగానే అమ్ముతారు. అక్కడ తాగండి, పెట్టెలో మాత్రం ఒక్క ప్యాకెట్ కూడా పెట్టకండి. భారత్‌లోనూ అమెరికాలోనూ అది మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది.